తలకిందుల మేస్త్రి

ఇరవై రెండేళ్ల కిందట ఒక ఉదయం, గ్రంథాలయం హాల్లో నలభై మంది చూస్తుండగా, అక్కడి బైండరును తన సంచీ బల్ల మీద బోర్లించమన్నారు. అందులోంచి పడ్డవి ఇవీ: ఒక భోజనం డబ్బా, ఒక తువ్వాలు, మూడు సూదులు గుచ్చిన గుడ్డపేలిక, కాగితం మడత నొక్కే ఎముక బద్ద. డబ్బా మూత కూడా తీయించారు. లోపల ఆయన భార్య పెట్టిన అన్నం తప్ప ఏమీ లేదు.

వాళ్లు వెతుకుతున్నది ఒక మడతపటం. ఓడరేవుల మీద రాసిన పాత పుస్తకంలో చివర ఉండాల్సింది. ఎక్కడినుంచో వచ్చిన ప్రొఫెసరు ఒకాయన దాన్ని చూడాలని అడిగితే పుస్తకం తెచ్చి ఇచ్చారు. పటం లేదు. రెండు నెలల ముందు ఆ పుస్తకం బైండింగ్ గదికి వెళ్లి వచ్చింది కాబట్టి ఇక ఆలోచించాల్సిందేమీ లేదనుకున్నారు. లైబ్రేరియన్ కేకలేసే మనిషి కాదు. నిదానంగా కళ్లజోడు తుడుచుకుని, "సంచీలో లేదంటే ఇంట్లో ఉంటుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో తొమ్మిదేళ్ల ఉద్యోగం పోయింది.

ఇంటికి వచ్చి వెతికారా అంటే, లేదు. వెతికితే లేదని తేలేది.

మర్యాదస్తుడి చేతిలో పని చెడితే దాన్ని పొరపాటంటారు. పనివాడి చేతిలో చెడితే నేరం అంటారు. ఈ సూత్రం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఈ మనిషిని చూసి నేర్చుకున్నాను. సాయంత్రానికి దొంగ అన్న మాట వీధంతా పాకింది. బడిలో ఆయన కూతుర్ని పక్కన కూర్చున్న పిల్ల జరిగి కూర్చోమంది. బావమరిది ఇంటికి భోజనానికి వెళ్తే, అతను నలుగురిలో నవ్వుతూ, "బావ వచ్చాడు, పుస్తకాలు లోపల పెట్టండర్రా" అన్నాడు. ఆ ఇంట్లో పుస్తకమనదగ్గది గోడకున్న క్యాలెండరు ఒక్కటే. అయినా ఆయన విస్తరి ముందునుంచి లేచి వచ్చేశాడు. ఆ గడప మళ్లీ తొక్కలేదు.

తర్వాత కోర్టు వెనక సందులో చిన్న గది తీసుకుని సొంతంగా బైండింగ్ మొదలుపెట్టాడు. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. మధ్యలో తలుపు లేదు, ఒక పరదా మాత్రం ఉంది. గదిలో ఎప్పుడూ మైదా జిగురు వాసన, అందులో పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం ఘాటు. ఒక మూల ఇనప ప్రెస్సు, దాని పిడి ఆయన అరచేయి తగిలి తగిలి అద్దంలా మెరుస్తుంటుంది. గోడవారగా అట్టలు, నేత గుడ్డ చుట్టలు. కిటికీ కింద బల్ల. ఆ బల్ల దగ్గర ఆయన కూర్చుని పని చేస్తుంటే చూసిన ప్రతివాడూ మొదట అడిగేది ఒకటే: "పుస్తకం తలకిందులుగా పెట్టుకున్నారేంటి?"

అది ఆయనకు పని నేర్పిన గురువు పెట్టిన అలవాటు. కుర్రతనంలో ఈయనకు కుడుతూ కుడుతూ చదివే జబ్బు ఉండేదట. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు సూది వెళ్లాల్సిన రంధ్రంలోకి కాకుండా వేలిలోకి వెళ్లేది. గురువు నాలుగుసార్లు చూసి, అయిదోసారి పుస్తకం లాక్కుని తిప్పి పెట్టాడు. "ఇప్పుడు చదువు చూద్దాం. చదివేవాడు కుట్టలేడు, కుట్టేవాడు చదవకూడదు" అన్నాడు. అప్పటినుంచి ఆయన చేతిలోకి వచ్చిన కాగితం ఏదైనా తలకిందులే. పేజీల వరస అంచుల మడతతోనూ, కొలతతోనూ, దారం పడిన పాత రంధ్రాలతోనూ పోల్చుకుంటాడు. ఊరు ఆయనకు తలకిందుల మేస్త్రి అని పేరు పెట్టింది.

ఆ పేరే ఆయనకు తిండి పెట్టింది. కోర్టు కాగితాలు, వాటాల పత్రాలు, డాక్టర్ల రికార్డులు, ఒకాయన చనిపోయిన భార్యకు పెళ్లికి ముందు రాసిన ఉత్తరాలు, ఇలాంటివన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఊరి గుట్టంతా ఆయన బల్ల మీదుగా వెళ్లింది. ఒక్కటీ ఆయనకు తెలియదు. నేను మొదటిసారి వెళ్లింది పాత పుస్తకాల బండి మీద కొన్న ఒక లావుపాటి పుస్తకంతో. అట్ట లేదు, ముందు పేజీలు లేవు, పేరు కూడా తెలియదు. వారం తర్వాత తీసుకోవడానికి వెళ్లి, "ఇది దేని గురించి, మీరేమైనా చూశారా?" అని అడిగాను.

"చూశాను. ఐదువందల పన్నెండు పేజీలు. పదహారేసి పేజీల ఫారాలు ముప్పై రెండు. మధ్యలో ఒకదాన్ని చెద తినేసింది."

"లోపల విషయం?"

"లోపలిది నీది నాయనా. వెన్ను నాది" అన్నాడు.

అలా మొదలై, నేను ఆయన్ని బాబాయ్ అనీ, ఆయన భార్యను పిన్ని అనీ పిలిచేదాకా వచ్చింది.

కొన్ని నెలల కిందట ఒక మధ్యాహ్నం యాభై ఏళ్లకు దగ్గరపడుతున్న ఒకావిడ రెండు గోనె సంచులతో వచ్చింది. బడిలో లెక్కల టీచరు. చేతి వేళ్లకు అప్పుడూ సుద్దముక్క పొడి అంటుకునే ఉంది. సంచుల్లో డైరీలు.

"మా నాన్నగారివి. ముప్పై నాలుగు. ఆయన పోయి ఏడాదైంది. కుట్లు ఊడి పేజీలు రాలిపోతున్నాయి. రెండేసి సంవత్సరాలు కలిపి పదిహేడు పుస్తకాలు చెయ్యగలరా మేస్త్రీ గారూ?"

"చెయ్యొచ్చమ్మా. నాన్నగారు ఏం చేసేవారు?"

"లైబ్రేరియన్ అండీ. ఇక్కడే, మన లైబ్రరీలో."

పరదా వెనక చీపురు చప్పుడు ఆగిపోయింది.

టీచరుకు ఇదేమీ తెలియదు. ఆమె సంచిలోంచి ఒక డైరీ తీసి, తెరవకుండానే అట్ట మీద చెయ్యి రాసింది. "మీరు చదవరని అందరూ చెప్పారు. అందుకే వెతుక్కుంటూ వచ్చాను. నిజానికి నేనే ఇంకా చదవలేదు, ధైర్యం చాలడం లేదు. మీరు చదవరు కదా?"

"చదవనమ్మా" అన్నాడు మేస్త్రి.

తర్వాత నాతో చెప్పాడు. "వద్దమ్మా, వేరేవాళ్లకు ఇచ్చుకోండి అనడానికే నోరు తెరిచానురా. ఈలోపు ఎప్పటికి ఇస్తారని అడిగింది. మూడు వారాలు అంది నా నోరు. నన్నడగలేదు."

డైరీల మీద సంవత్సరాలు ముద్రించి ఉన్నాయి. వరసగా పేర్చుకున్నాడు. ఆయన ఉద్యోగం పోయిన సంవత్సరం పంతొమ్మిదోది. ఎర్ర అట్ట, ఒక మూల ఎలుక కొరికింది. దాన్ని చూడకుండా ఉండటానికి దొంతర అడుగున పెట్టాడు. కానీ దొంతర అన్నాక తరుగుతుంది. రోజుకు నాలుగు పుస్తకాలు కట్టే మనిషికి ఎనిమిది పుస్తకాలు పూర్తయ్యేసరికి రెండు వారాలు పట్టింది. అయిపోయిన వాటిలో రెండింటిని మళ్లీ ఊడదీశాడు. గుడ్డ రంగు కుదరలేదన్నాడు. అన్నింటికీ ఒకటే నీలం గుడ్డ.

పిన్ని ఊరుకునే మనిషి కాదు. ఆవిడ మాట సూదికన్నా ముందే దిగుతుంది.

"ఏమండీ, మీరు వారంనుంచి అదే పుస్తకాన్ని కుడుతున్నారా, అది మిమ్మల్ని కుడుతోందా?"

"ఇది నెమ్మదిగా చెయ్యాల్సిన పని."

"చదివెయ్యండి, పోతుంది. మనల్ని అన్న మాట అందులో ఉంటుంది. మనల్ని అన్నది మనది కాకుండా ఎలా పోతుంది?"

"కాగితం ఆయనది."

"పరువు మనది."

ఆయన లేచాడు. జిగురు డబ్బా తీసుకుని బయటికి వెళ్లి, నిండుగా ఉన్నదాన్ని కడిగి వచ్చాడు.

నాకూ ఆ పేజీ కావాలనే ఉండేది. ఆ నిదానస్తుడైన లైబ్రేరియన్ ఆ రాత ఎలా రాశాడో చూడాలని, ఆ తర్వాత దాన్ని ఊరందరి ముందూ పెట్టాలని ఉండేది. ఒక ఆదివారం పొద్దున్న అన్నాను: "బాబాయ్, మీరు చదవొద్దు. నేను చదువుతాను. మీరిచ్చిన మాట మీ దగ్గర భద్రంగా ఉంటుంది. నాకు ఎవరూ మాట అడగలేదు."

"నీ కళ్లు అరువు తెచ్చుకుంటే దొంగతనం కాకుండా పోతుందా?" అన్నాడు. కాసేపు దారానికి మైనం రాస్తూ ఉండి, మెల్లిగా నవ్వాడు. "మొన్న నాకూ అదే తట్టిందిలే. నిన్ను పిలవనంపుదామనే అనుకున్నా. మీ పిన్నికి చెప్పకు."

సంవత్సరాల వరసలో ఎర్ర డైరీ వంతు రానే వచ్చింది. ఆయన దాన్ని, దాని జతను అడుగునే వదిలేసి, ఆ తర్వాతి సంవత్సరాలవన్నీ ముందు కట్టేశాడు. అప్పుడు మాత్రం చేతులు పరుగెత్తాయి. పదహారు పుస్తకాలు ప్రెస్సు కిందనుంచి దిగి, బల్ల మీద బారుగా నిలబడ్డాయి. ఇంకొకటే మిగిలింది. టీచరు మర్నాడు వస్తుంది.

పిన్ని కూతురింటికి వెళ్లిన మధ్యాహ్నం అది. సందులో అలికిడి లేదు. డైరీ బల్ల మీద తలకిందులుగానే ఉంది. పాత దారం కోసి, ఫారాలు విడదీసి, అంచులు సరిచేస్తున్నాడు. చేయి తడబడిందని ఆయన నాతో ఒక్కసారి కూడా అనలేదు. "తిప్పాను" అన్నాడు, అంతే. పుస్తకాన్ని తిన్నగా తిప్పాడు.

నలభై ఏళ్ల తర్వాత తిన్నగా కనబడిన మొదటి పేజీ అది. తనకు కావాల్సిన తారీఖుకు నాలుగు రోజుల ముందుది. అక్షరాలు చిన్నవి, గుండ్రటివి. అందులో గ్రంథాలయం లేదు, పటం లేదు. లైబ్రేరియన్ భార్యకు వచ్చిన ఆస్పత్రి రిపోర్టు గురించి ఉంది. "తగ్గుతుందా అని అడిగింది. తగ్గుతుందని చెప్పాను. డాక్టరు చెప్పింది అది కాదు. పాపకు తెలియనివ్వకూడదు" అని ఉంది. ఆ కింద గీతలు కొట్టేసిన నాలుగు పంక్తులు.

పాప అంటే టీచరు.

కావాల్సిన పేజీ ఇంకో రెండు ఆకుల అవతల ఉంది. వేలు దాని కింద దూరే ఉంది. మేస్త్రి పుస్తకం మూసేశాడు.

"అంతదాకా వచ్చి ఆగారా!" అని, ఆయన ఈ సంగతి నాతో చెప్పిన రోజు, నేను అరిచినంత పని చేశాను.

"నన్ను దొంగ అన్న రోజున వాళ్లను చూసి కోపమొచ్చింది గానీ, దొంగ అంటే ఎలా ఉంటాడో నాకు తెలియదు. అప్పుడు తెలిసింది. ఇంకొకరి ఇంట్లో వాళ్ల మంచం పక్కన నిలబడ్డట్టు ఉంది. తలుపు తట్టకుండా వెళ్లి నిలబడ్డాను. ఇంకో గదిలోకి ఎలా వెళ్లను?"

మర్నాడు టీచరు బడి నుంచి తిన్నగా వచ్చింది. బారుగా ఉన్న పదహారు నీలం పుస్తకాలు చూసి ఆమె ముఖం వెలిగింది. ఒకటి తీసి, తెరిచి, మూసి, "ఎంత బాగా చేశారండీ" అంది.

"అమ్మా, ఇలా కూర్చోండి. ఒకటి ఇంకా కాలేదు. అందులో నేను ఒక పేజీ చదివాను."

"అంటే?"

"చదవనని మీతో చెప్పి, చదివాను. పొరపాటున కనబడింది కాదు. పుస్తకం తిప్పి మరీ చదివాను."

లోపల గిన్నె పడింది. పడిందనడం కంటే పడేసిందనడం నిజం.

టీచరు ముఖంలో వెలుగు ఆరిపోయింది. "ఏ పేజీ?"

చెప్పాడు. ఏముందో కూడా చెప్పాడు. ఆమె చేతిలో ఉన్న పుస్తకాన్ని బారులో తిరిగి పెట్టేసింది. తర్వాత, "అమ్మకు అంత ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. తగ్గుతుందనే అనుకున్నాను, చివరి రోజు వరకూ" అంది. ఆ వెంటనే గొంతు గట్టిపడింది. "అయినా మీకెందుకండీ మా ఇంటి సంగతులు? ఊరంతా మిమ్మల్ని దేవుడన్నట్టు చెప్పారే!"

"నాకు కావాల్సింది ఆ పేజీ కాదమ్మా. నాలుగు రోజుల తర్వాతిది." అప్పుడు చెప్పాడు తానెవరో. ఓడరేవుల పుస్తకం, పటం, సంచీ, అన్నం డబ్బా మూత. దాచలేదు, ఏడవలేదు, కుట్టు విప్పినట్టు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయాడు. "మొదటి రోజే చెప్పాల్సింది. చెబితే మీరు పట్టుకుపోతారని భయం. పట్టుకుపోవడమే మంచిదని ఇప్పుడు తెలుస్తోంది."

"దొంగ బైండరు," అంది టీచరు నెమ్మదిగా. "మా మేనత్త అనేది ఇంట్లో. నాన్న ఎప్పుడూ అనలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి వెళ్లిపోయేవారు."

ఆమె లేచింది. విడదీసి ఉన్న ఎర్ర డైరీ కాగితాలను ఒక గుడ్డలో చుట్టుకుంది.

"మిగతావి అమ్మా?"

"ఉంచండి" అంది. మళ్లీ ఎప్పుడొస్తానో చెప్పలేదు.

పదకొండు రోజులు రాలేదు. ఆ పదకొండు రోజులూ ఆ ఇంట్లో మాటకు బదులు గిన్నెలు మాట్లాడాయి. "నోరు మూసుకుని కట్టిచ్చేస్తే ఆవిడకు తెలిసేదా?" అని పిన్ని నన్ను అడిగేది, ఆయనకు వినబడేలా. ఆ విషయంలో నేను పిన్ని పక్షమే. నిజాయితీ అనేది ఉన్నవాళ్లు ఆడుకునే ఆటలా, లేనివాళ్లను మాత్రమే ఓడించేదిలా నాకు అనిపించేది. ఆయనతో అన్నాను కూడా.

"ఆమెకెలా తెలుస్తుంది బాబాయ్? మీరు చెప్పకపోతే ఈ జన్మకు తెలియదు."

"తెలియదు, నిజమే. ఎంత బాగా చేశారండీ అంది చూడు. ఆ మాట అంటున్నప్పుడు నేను ఎటు చూడాలి? నువ్వే చెప్పు, ఎటు చూడను?"



పన్నెండో రోజు మధ్యాహ్నం టీచరు వచ్చింది. ఎర్ర డైరీ గుడ్డలో అలాగే ఉంది, పైన మూడుచోట్ల కాగితం ముక్కలు గుర్తు పెట్టి ఉన్నాయి. నేనూ అక్కడే ఉన్నాను. నేను లేవబోతే మేస్త్రి చేత్తో కూర్చోమన్నాడు.

"మొత్తం చదివాను," అంది టీచరు. "ముప్పై నాలుగూ కాదు, ఇది ఒక్కటే. మూడుసార్లు చదివాను. మీవి మీకు చదివి వినిపిస్తాను. మీరు చదవక్కర్లేదు."

పిన్ని పరదా పక్కకు లాగి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

మొదటిది ఆ రోజుది. ఒకటే పంక్తి: "బైండరును పంపించేశాను."

రెండోది నాలుగు నెలల తర్వాతిది. టీచరు బడిలో పాఠం చదివినట్టే చదివింది, గొంతు మాత్రం పాఠం చెప్పే గొంతు కాదు. "పటం కనబడింది. నదుల పుస్తకం చివర కుట్టి ఉంది. దొంగతనం కాదు, పొరపాటు. అతణ్ని పిలిపించాలి."

దాని మర్నాడు: "రేపు పిలిపించాలి."

మూడో కాగితం ముక్క దగ్గర: "ఇన్నాళ్ల తర్వాత పిలిపించి ఏమని చెప్పాలి? పటాన్ని ఉన్నచోటే ఉండనిచ్చాను."

"ఆ తర్వాత ఇంకెక్కడా లేదండీ. వెతికాను" అంది టీచరు. "అమ్మ ఆ నెలలోనే పోయింది. అది కారణం అనడం లేదు. చెబుతున్నానంతే."

నేను మేస్త్రి వైపు చూశాను. ఇరవై రెండేళ్లు మోసిన మాట భుజం దిగితే మనిషి లేచి నిలబడతాడనుకున్నాను. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుండిపోయాడు.

"ఏ పుస్తకం అన్నారూ?"

"నదుల పుస్తకం."

"పచ్చ అట్ట. రెండూ ఒకే అచ్చాఫీసువి. ఒకే కొలత, ఒకే మడత." ఆయన కళ్లు మూసుకుని చేతులు గాలిలో కదిలించాడు, బల్ల మీద కాగితాలు పేర్చుకుంటున్నట్టు. "రెండూ ఒక్కరోజే విప్పాను. దానికో పటం, దీనికో పటం. పేర్లు చూడను కదా. రెండు పటాలూ ఒకదాంట్లోకే పోయాయి." కళ్లు తెరిచాడు. "అమ్మా, ఆ పటం పోగొట్టింది నేనే."

 అప్పుడు పిన్ని రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"అయితే ఇన్నేళ్లూ నేను పొద్దునా సాయంత్రం ఆ లైబ్రేరియన్‌కు పెట్టిన శాపాల్లో సగం ఎవరికి తగిలినట్టు?"

"సగమే కదా," అన్నాడు మేస్త్రి. "అందుకే నడుంనొప్పి. పూర్తిగా తగిలితే లేచేవాణ్ని కాదు."

మొదట నవ్వింది టీచరు. నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి, కళ్లు తుడుచుకుంది. పిన్ని ఆమెకు మంచినీళ్లు తెచ్చింది. ఆ ఇంట్లో ఆ కుటుంబంలోని మనిషికి మంచినీళ్లు ఇచ్చే రోజు వస్తుందని అంతకు నెల ముందు ఎవరైనా అని ఉంటే, ఆ గ్లాసు వాళ్ల మీదికి ఎగిరేది.

ఆ శనివారం నలుగురం గ్రంథాలయానికి వెళ్లాం. మేస్త్రి ఆ మెట్లు ఎక్కి ఇరవై రెండేళ్లయింది. మూడో మెట్టు మీద ఆగి, "సున్నం వేసినట్టున్నారు" అన్నాడు.  ఇప్పటి లైబ్రేరియన్ చిన్న వయసు అమ్మాయి. పటం పోయే నాటికి గౌను వేసుకుని బడికి వెళ్తూ ఉండాలి. ఆమెకు మా మాటలు సగం అర్థం కాలేదు గానీ, నదుల పుస్తకం వెతికి తెచ్చింది. అట్ట లోపలి తారీఖుల చీటీ చూస్తే పదిహేనేళ్లుగా ఎవరూ తీసుకెళ్లలేదు. చివర రెండు మడతపటాలు. ఒకటి నదులది. ఒకటి ఓడరేవులది.

ఆ పటాన్ని కుట్టు విప్పి, దాని పుస్తకంలో పెట్టే పని అక్కడే, ఆ హాల్లోనే చేస్తానని మేస్త్రి అడిగాడు. ఆ అమ్మాయి ఒప్పుకుంది. చదువుకునేవాళ్లు తలలెత్తి చూస్తూ ఉండగా, పటం మీద పేరు, పుస్తకం మీద పేరు వేలు పెట్టి రెండేసిసార్లు పైకే చదివి, కుట్టాడు. గంట పట్టింది.

ఈలోగా టీచరు ఒక కాగితం రాసింది, గ్రంథాలయం ఫైల్లో పెట్టడానికి. తన తండ్రి తెలిసీ దాచాడని, బైండరుకు అన్యాయం జరిగిందని, తారీఖులతో సహా. చదివి వినిపించింది. వింటుంటే నాకు ఒళ్లు పొంగింది. అన్నింటా మచ్చలేని మనిషిగా ఉన్నాడు అందులో మేస్త్రి.

ఆయన దారం కొరికి, తలెత్తాడు. ఆ కాగితం వైపు కాసేపు అలాగే చూశాడు. అది ఆయన ఇరవై రెండేళ్లుగా కోరుకున్న కాగితం. అందులో ఒక్క అక్షరం కలిపినా దాని తెలుపు తగ్గుతుంది. అది ఆయనకు తెలుసని ఆయన ముఖమే చెబుతోంది.

"బాగుందమ్మా" అన్నాడు.

టీచరు సంతకం పెట్టబోయింది.

"ఆగండి. ఇంకో మాట కలపండి. పటాన్ని తప్పు పుస్తకంలో కుట్టింది ఈ బైండరే అని."

పిన్ని ఆయన మోచేతి మీద గిల్లింది. "ఎవరడిగారు మిమ్మల్ని? రాకరాక ఒక మంచి కాగితం వస్తుంటే!"

"అది రాయకపోతే నీ మొగుడు దొంగ కాదని తెలుస్తుంది. అంతే కదా. మరి పటానికి కాళ్లొచ్చి నడిచిందా అని రేపు ఎవడైనా అడిగితే? అది ఉంటేనే మిగతాదంతా నమ్ముతారు."

"నమ్మకపోతే మానె," అంది పిన్ని. కానీ గిల్లడం ఆపింది.

టీచరు ఆ మాట కూడా రాసి, సంతకం పెట్టింది. మేస్త్రి కింద తన సంతకం పెట్టాడు. పిన్ని ఆ కాగితానికి నకలు తీయించుకుని, అటునుంచి అటే తమ్ముడి ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివిందట. తప్పు తన భర్తదే అన్న పంక్తిని కూడా వదల్లేదట. ఆమె తమ్ముడు లోపలికి రమ్మంటే, "మీ బావ వస్తే వస్తా. వచ్చి పిలువు" అని తిరిగొచ్చింది. అతను మర్నాడు పొద్దున్నే వచ్చి పిలిచాడు. ఇద్దరూ వెళ్లారు.

ఎర్ర డైరీ పదిహేడో పుస్తకంలో చేరింది. ఆ ఒక్క పుస్తకాన్ని మేస్త్రి కుడుతుంటే టీచరు ఎదురుగా కూర్చుంది. కొట్టేసిన నాలుగు పంక్తుల్లో ఏముందో చూద్దామా అని ఆమె అడిగితే, "ఆయన కొట్టేశారు కదమ్మా" అన్నాడట.

పోయిన నెల నాకు వేరే ఊళ్లో పని దొరికింది. వెళ్లేముందు చెప్పి వద్దామని పొద్దున్నే సందులోకి వెళ్లాను. బల్ల మీద ఎవరివో ఉత్తరాల కట్ట ఉంది, తలకిందులుగా. ఎదురుగా పిన్ని చొక్కాకు బొత్తాలు కుడుతూ కూర్చుని ఉంది. ఆవిడ ముందు గదిలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

"ఏంటి పిన్నీ, ఇక్కడ కూర్చున్నావు?"

"కాపలా."

"దొంగలకా?"

"దొంగకే" అంది, చూపుడు వేలు మొగుడి వైపు పెట్టి.

మేస్త్రి నవ్వుతూ సూదిలో దారం ఎక్కించుకుంటున్నాడు. ఆ ఊరి మీద నాకున్న కోపాలన్నీ ఒక్కసారి వెళ్లగక్కి పోదామని వచ్చినవాణ్ని, అవన్నీ మరిచిపోయి ఒకటే అడిగాను. "బాబాయ్, నిజం చెప్పండి. ఇంకా చదవాలనిపిస్తుందా?"

"అనిపించకేంరా? పొద్దున్నుంచి మూడుసార్లు అనిపించింది. ఇదివరకు నాకు అనిపించదని గొప్పగా చెప్పుకునేవాణ్ని. ఇప్పుడు అనిపించినప్పుడల్లా మీ పిన్నితో చెబుతాను. అది నవ్వుతుంది. నేను మళ్లీ సూది పట్టుకుంటాను. పని కాస్త నెమ్మదైన మాట నిజమే. అయితేనేం, అరవై దాటాను, ఇప్పుడు పరిగెత్తి ఎక్కడికి పోవాలి?"